తీరిక కూడా హక్కే!

రెండు రోజుల శిక్షణా శిబిరం శనివారం సాయంత్రానికి ముగిసింది. మామూలుగా అయితే ఎవరి సంచి వాళ్ళు సర్దుకుని రాత్రి బస్సుకే పరుగెత్తేవాళ్ళం. ఈసారి ఒక మిత్రురాలు అడిగింది, "ఇన్నేళ్ళుగా మీటింగులకు హైదరాబాదు వస్తున్నాం. తీరిగ్గా ఒక్కసారైనా చార్మినార్ చూశామా?" అని. నిజమే కదా! ఆదివారం తొమ్మిది మందిమి పాతబస్తీకి బయల్దేరాం.

బయల్దేరే ముందు ఇళ్ళకు ఫోన్లు చేశాం. తొమ్మిది మందిలో ఆరుగురం అబద్ధం చెప్పాం. మీటింగు ఇంకో రోజు పొడిగించారని! ఊరు చూడడానికి ఆగిపోయామని చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. హింస గురించి, ఆస్తిహక్కు గురించి వేదికలెక్కి మాట్లాడే మనకే "నా సంతోషం కోసం ఒక రోజు" అనడానికి నోరు రాదు. మగవాడు పనిలేకుండా తిరిగితే షికారు. ఆడది తిరిగితే బరితెగింపు. ఈ మాటలు మనలో ఎంత లోతుగా ఇంకిపోయాయో ఆరోజు తెలిసింది.

చార్మినార్ ఇరుకు మెట్లు ఆయాసపడుతూ, నవ్వుకుంటూ ఎక్కాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని గైడు చెప్పాడు. ఆయన కూతురు హయత్ బక్షీ బేగం మాటే ఎత్తలేదు. చిన్న వయసులో గద్దెనెక్కిన కొడుకు అబ్దుల్లా తరఫున రాజ్య వ్యవహారాలు నడిపిన మనిషి ఆమె. హయత్‌నగర్ మీదుగా రోజూ వేలమంది ప్రయాణిస్తారు. ఆ పేరు ఒక స్త్రీదని ఎందరికి తెలుసు?

కిందికి దిగి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాం. ఇద్దరు మాత్రం చాయ్ వద్దన్నారు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. బజారులో మరుగుదొడ్డి ఎక్కడుంటుందోనన్న భయం! 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. అది మంచి పనే. కానీ బస్సు దిగిన మనిషికి శుభ్రమైన మరుగుదొడ్డి, కాసేపు కూర్చునే చోటు, వెకిలి చూపులు లేని వీధి కూడా కావాలి. ఇవి లేకపోతే నగరం సగం మందికి మూసి ఉన్నట్టే.

ఆ తర్వాత లాడ్ బజార్. దీపాల కింద తళతళలాడే లక్క గాజులు! అందరం పిల్లలమైపోయాం. గట్టిగా బేరమాడి ధర తగ్గించి, గెలిచినట్టు మురిసిపోయాం. అప్పుడు మాతో ఉన్న పాతబస్తీ మిత్రురాలు నవ్వి, "అవి చేసేవాళ్ళను కూడా చూద్దురు, రండి" అంది.

సందులో ఒకే గది ఇల్లు. బొగ్గుల కుంపటి. కరిగిన లక్క చల్లారేలోగా రాళ్ళు ఒక్కొక్కటే అద్దాలి. ఆ ఇల్లాలి వేలికొసలు కాలి కాలి బండబారి ఉన్నాయి. కూలి రోజు లెక్కన కాదు, జత లెక్కన. బొగ్గులూ పొగా ఆమె ఇంటివే. చార్మినార్ ఎక్కారా అని అడిగాం. చిన్నప్పుడు నాన్న చేయి పట్టుకుని ఒకసారి ఎక్కిందట. ఇంటినుంచి నడిచివెళ్ళేంత దూరమే!

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేకపోయాం. కనీస వేతనం గురించి ముందురోజే గంటసేపు మాట్లాడాం. మరి మేం తగ్గించిన రూపాయలు చివరికి ఎవరి కూలి నుంచి పోతాయి? 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజుకు గుర్తింపు వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసే మనిషికి కార్మికురాలిగా గుర్తింపు ఎప్పుడు? ఇంటిపట్టున పనిచేసేవారికి మిగతా కార్మికులతో సమానమైన రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కని 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం చెబుతోంది. మనం దాన్ని ఎన్నడూ మన డిమాండ్ల జాబితాలో రాసుకోలేదు. తీరికంటే డబ్బున్నవాళ్ళ విలాసమనుకున్నాం. కాదు. జత లెక్కన పనిచేసే మనిషికి తీరిక లేకపోవడానికి కారణం కూలి చాలకపోవడమే. కూలి కోసం పోరాటం, తీరిక కోసం పోరాటం వేరువేరు కాదు.

అందుకే మిత్రులారా! మీ ఊళ్ళో ఇంటిదగ్గర గాజులు చేసే, బీడీలు చుట్టే, బట్టలు కుట్టే స్త్రీలకు జతకు, వెయ్యికి, ముక్కకు ఎంత ముడుతోందో లెక్క తీయండి. మీ బజారులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉందో లేదో చూసి మున్సిపాలిటీని నిలదీయండి. ఏడాదికి ఒక్కరోజైనా సంఘం సభ్యులందరూ కలిసి ఊరు చూడడానికి వెళ్ళండి. గాజులు చేసే చేతులను కూడా వెంట తీసుకువెళ్ళండి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం నిజమే చెప్పండి. మేమూ ఈసారి అబద్ధం ఆడం.