బీబీసీ చూడం సరే, లైవ్ చూడరా?

బ్రిటన్‌లో నలుగురు తెలుగువాళ్లు కూర్చున్న చోట టీవీ లైసెన్స్ మాట వస్తే తీర్పు క్షణంలో వచ్చేస్తుంది. "మనం బీబీసీ మొహమే చూడం. మనకెందుకండీ ఆ లైసెన్స్?" ఈ మాట అనేది నిన్నగాక మొన్న విమానం దిగిన కుర్రాడు కాదు. ఈస్ట్‌హామ్‌లోనో స్లౌలోనో ఏళ్లుగా ఉంటూ, ఇల్లు కొనుక్కుని, కొత్తగా వచ్చినవాళ్లకు సోనామసూరి దొరికే కొట్టు నుంచి బ్యాంకు ఖాతా దాకా అన్నీ విడమరచి చెప్పే పెద్దమనిషి. అందుకే ఆ మాటకు అంత విలువ. అది వాట్సాప్ గ్రూపులెక్కి లెస్టర్‌లో, కోవెంట్రీలో చదువుకునే పిల్లల గదుల దాకా చేరింది. మిగతా విషయాల్లో ఆయన సలహా వినండి. ఇందులో మాత్రం ఆయన చెప్పేది శుద్ధ తప్పు.

ఈ వ్యవహారమంతా 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం 363వ సెక్షన్ మీద నడుస్తోంది. మరుసటి ఏడాది వచ్చిన నిబంధనలు దాన్ని వివరించాయి. ఏ చానలైనా, ఏ దేశానిదైనా, అది ప్రసారమవుతున్న సమయానికే, లేదా దాదాపు ఆ సమయానికే చూసినా, రికార్డు చేసుకున్నా లైసెన్స్ ఉండాలి. డిష్ ద్వారా వచ్చిందా, ఇంటర్నెట్ ద్వారా వచ్చిందా అన్నది అనవసరం. గోడకు తగిలించిన 55 అంగుళాల తెర అయినా చేతిలో ఫోనైనా ఒకటే లెక్క. బీబీసీ పేరు ప్రత్యేకంగా వినిపించేది ఒక్క చోట: 2016 సెప్టెంబరు 1 నుంచి బీబీసీ సొంత యాప్ ఐప్లేయర్‌లో నిన్నటి కార్యక్రమం చూడాలన్నా లైసెన్స్ కావాలి. లైవ్ దగ్గరికి వచ్చేసరికి బీబీసీ చూస్తావా లేదా అని చట్టం అడగనే అడగదు.

ఇది ఇవాళ కొత్తగా పెట్టిన కిరికిరి కూడా కాదు. టీవీ లైసెన్స్ 1946లో 2 పౌండ్లతో మొదలైనప్పుడు ఉన్నది బీబీసీ ఒక్కటే కాబట్టి అది బీబీసీ రుసుమే అనుకున్నా తప్పులేదు. 1955 సెప్టెంబరు 22న ప్రకటనల డబ్బుతో నడిచే ఐటీవీ వచ్చింది. ఆ రోజు ఐటీవీ మాత్రమే చూసిన లండన్ కుటుంబానికీ లైసెన్స్ తప్పలేదు. అంటే మన పెద్దమనిషి వాదన ఆయన పుట్టకముందే చెల్లకుండా పోయింది. వసూలైన డబ్బులో ఎక్కువ భాగం బీబీసీకి వెళ్తుందన్నది నిజం. డబ్బు ఎవరికి వెళ్తుందన్నది వేరు, ఎవరు కట్టాలన్నది వేరు. 2006లో బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం ఈ రుసుమును ఏకంగా పన్నుల పద్దులో చేర్చింది. మా పిల్లలు సర్కారు బడికి పోరు కాబట్టి మా పన్నులో ఆ వాటా తగ్గించండి అని మునిసిపాలిటీకి అర్జీ పెడితే ఏం జవాబొస్తుందో ఇక్కడా అదే జవాబు.

ఇప్పుడు మన ఇళ్లలో ఏం చూస్తారో చూద్దాం. హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్ లండన్‌లో చలికాలం మధ్యాహ్నం 2 గంటలకు, వేసవిలో 3 గంటలకు వస్తుంది. యప్ టీవీలో ఆ చానల్ పెట్టుకుని ఆ సమయానికే చూస్తే లైసెన్స్ కావాలి. ఐపీఎల్ సాయంత్రం మ్యాచ్ మొదటి బంతి పడే వేళకు అక్కడ మధ్యాహ్నం 3 గంటలు. దానికీ కావాలి. తెలుగు న్యూస్ చానల్ యూట్యూబ్ లైవ్‌లో నడుస్తుంటే వంట చేస్తూ ఫోన్ నిలబెట్టి వింటారు చూడండి, దానికీ కావాలి. చివరికి శ్రీరామనవమి నాడు భద్రాచలంలో పట్టపగలు 12 గంటలకు రాములవారు తాళి కడుతుంటే అక్కడ పొద్దున్నే టీవీ ముందు చేతులు జోడించాలన్నా కావాలి. బీబీసీ అన్న మూడక్షరాలు ఆ ఇంట్లో ఎవరూ పలికి ఉండరు. అయినా ఆ ఇల్లు రోజూ లైసెన్స్ పరిధిలోనే ఉంది.

అదే సీరియల్‌ను రాత్రి తీరిగ్గా, ప్రసారం అయిపోయాక, ఐప్లేయర్ కాని యాప్‌లో వెనక్కి వెళ్లి చూస్తే పైసా కట్టక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో, ఆహాలో సినిమా చూసినా, ఐటీవీవాళ్ల పాత ఎపిసోడ్లు చూసినా, యూట్యూబ్‌లో మామూలు వీడియోలు చూసినా, పిల్లలు ప్లేస్టేషన్ ఆడుకున్నా అక్కర్లేదు. కానీ లైవ్ చానల్‌ను కాసేపు ఆపి మళ్లీ నడిపితే అది లైవ్ కిందకే వస్తుంది. గంట ఆలస్యంగా అదే ప్రసారం వచ్చే ప్లస్ వన్ చానళ్లూ అంతే. సినిమా యాప్‌లలో కూడా ఏదైనా పోటీ ప్రత్యక్షంగా ప్రసారమైతే ఆ కాసేపటికి లైసెన్స్ కావాల్సిందే.

మనకెందుకన్న వాదనకు ఎదురు పక్షం ఇంకొకటుంది. టీవీ కొన్నామంటే కట్టి తీరాలి అంటుంది. ఈ భయం ఎక్కడిదో నాకు కొంత అర్థమవుతుంది. మన దేశంలో 1980ల నడుమ దాకా టీవీ ఉన్న ఇల్లు ఏటా పోస్టాఫీసుకు వెళ్లి 50 రూపాయలు కట్టి లైసెన్స్ పుస్తకంలో ముద్ర వేయించుకునేది. రేడియోకు 15 రూపాయలు. అప్పుడు పెట్టె ఉంటే చాలు, రుసుము పడేది. ఆ తరం తల్లిదండ్రులు తమ పిల్లలకు అదే చెప్పి పంపారు. బ్రిటన్‌లో పెట్టెకు రుసుము లేదు, దాన్ని వాడే తీరుకే ఉంది. లైవ్ గానీ ఐప్లేయర్ గానీ చూడని ఇల్లు నాలుగు టీవీలు పెట్టుకున్నా కట్టనవసరం లేదు. 2025 ఏప్రిల్‌లోనే 174.50 పౌండ్లకు, అంటే దాదాపు 20 వేల రూపాయలకు చేరిన రుసుమును అనవసరంగా కడుతున్న విద్యార్థులు ఉంటే వాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు. అయితే ఈ రెండో పొరపాటు వల్ల పోయేది డబ్బు. మొదటి పొరపాటు కోర్టు దాకా తీసుకెళ్తుంది.

పిల్లల్లో ఇంకో పుకారు తిరుగుతోంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద చూస్తే లైసెన్స్ అడగరట. సగం నిజం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. కరెంటు ప్లగ్గుకు, యాంటెనాకు తగిలించకుండా సొంత బ్యాటరీ మీద నడిచే ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ ఒక మినహాయింపు ఉన్న మాట వాస్తవం. కానీ అది, విద్యార్థి సెలవుల్లో వెళ్లే సొంతింటికి లైసెన్స్ ఉంటేనే పనిచేస్తుంది. మాంచెస్టర్‌లో తల్లిదండ్రులున్న పిల్లవాడు లెస్టర్‌లో చదువుతుంటే అతనికి ఆ నీడ ఉంటుంది. వరంగల్‌లో తల్లిదండ్రులున్న పిల్లవాడికి ఉండదు. వరంగల్ ఇంటికి బ్రిటిష్ లైసెన్స్ ఎక్కణ్నుంచి వస్తుంది? అలాగే, నలుగురు కలిసి ఒకే అద్దె ఒప్పందం మీద సంతకం పెడితే ఇల్లంతటికీ ఒక్క లైసెన్స్ సరిపోతుంది. గదికో ఒప్పందం విడిగా రాసుకుంటే, తన గదిలో లైవ్ చూసే ప్రతివాడికీ సాధారణంగా విడి లైసెన్స్ కావాలి. ఇంటి ఓనరు "లైసెన్స్ ఉంది లెండి" అంటే అది ఎవరి గదికి ఉందో అడగడం మరచిపోకూడదు.

ఇప్పుడు ఈ వాదన మీద నాకు అసలు కోపం ఎందుకో చెబుతాను. "మనకెందుకు" అని తేల్చిన మగమనిషి మధ్యాహ్నం 3 గంటలకు ఇంట్లో ఉండడు. ఆఫీసులో ఉంటాడు. ఇంట్లో ఉండేది డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్య. లేదా ఆర్నెల్ల విజిట్ మీద గుంటూరు నుంచో ఖమ్మం నుంచో వచ్చిన అత్తగారు. సీరియల్ వచ్చేది సరిగ్గా ఆ వేళకే. లైసెన్స్ తనిఖీకి తలుపు తట్టే విజిటింగ్ ఆఫీసర్ ఆ వేళకే రావచ్చు. తలుపు తీసిన మనిషినే ప్రశ్నలు అడుగుతాడు, చెప్పింది సాక్ష్యంగా వాడతామని ముందే చెబుతాడు, జవాబులు కాగితం మీద రాసుకుని సంతకం అడుగుతాడు. "అవునండీ, మా తెలుగు చానల్ లైవ్ పెట్టుకుంటాం" అని ఆ ఇల్లాలు నిజం చెప్పేస్తుంది. బీబీసీ చూడకపోతే తప్పేమీ లేదని ఆమెకు ఇంట్లోనే నమ్మకంగా చెప్పారు కదా, దాచడమెందుకు?

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ నేరానికి శిక్ష పడినవారిలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే కావడానికి పెద్ద కారణం ఇదే: పగటిపూట ఇంట్లో ఉండేదీ, తలుపు తీసేదీ వాళ్లే. ఇది మన ఒక్కరి సంగతి కాదు, ఆ దేశమంతటా నడుస్తున్న అన్యాయం. చట్టం చూసినవారిని మాత్రమే పట్టుకోదు. ఇంట్లో మరొకరు దాన్ని అలా వాడతారని తెలిసీ టీవీని తన అధీనంలో ఉంచుకున్న మనిషిదీ నేరమే. కానీ ఆచరణలో పేరు రాసుకునేది ఎదురుగా నిలబడిన మనిషిదే. ఆ తర్వాత పోస్టులో నోటీసు వస్తుంది. 21 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఒక్క మేజిస్ట్రేటు, పక్కన ఒక న్యాయ సలహాదారు, కాగితాలు చూసి తేల్చేస్తారు. జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉండొచ్చు, ఖర్చులు అదనం. ఈ నేరానికి నేరుగా జైలు లేదు. కానీ శిక్ష శిక్షే. వీసా ఫారాల్లో, పౌరసత్వం ఫారంలో శిక్షల గురించి అడిగే గడి ముందు ఆ ఇల్లాలు ఏం రాయాలో తెలియక కూర్చుంటుంది.

వీరులు కొందరు ఇక్కడ అడ్డొస్తారు. "తలుపు తీయకపోతే వాళ్లేం చేయగలరు?" అంటారు. నిజమే, సెర్చ్ వారెంట్ లేకుండా ఆ ఆఫీసరు ఇంట్లోకి రాలేడు. తలుపు తీయనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. ఆ హక్కు లైసెన్స్ అవసరం లేనివాడికీ ఉంది, ఉన్నవాడికీ ఉంది. దొరకకుండా ఉండే హక్కుకు "అవసరం లేదు" అని పేరు పెట్టి ఇంట్లోవాళ్లకు చెప్పడం మాత్రం మోసం. తెలిసి ఎగ్గొట్టదలచినవాడు ఎగ్గొడుతున్నానని భార్యకు చెప్పి ఎగ్గొట్టాలి.

రుసుము న్యాయమైనదని నేనేమీ వాదించడం లేదు. లక్షలు సంపాదించే ఇంటికీ, వారానికి నాలుగు షిఫ్టులు చేసి బతికే విద్యార్థికీ ఒకే మొత్తం. 75 దాటినవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చిన లైసెన్స్‌ను 2020 ఆగస్టులో పెన్షన్ క్రెడిట్ అందుకునేవారికే పరిమితం చేశారు. లైసెన్స్ అక్కర్లేనివాళ్ల ఇళ్లకు కూడా ఎర్రక్షరాల ఉత్తరాలు పంపి బెదరగొట్టే ఆ తీరు ఎవరికైనా చిరాకు తెప్పిస్తుంది. బీబీసీ రాయల్ చార్టర్ 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది, ఆ తర్వాత ఈ రుసుము ఎలా ఉండాలన్న చర్చ సాగుతోంది. నచ్చనివాళ్లు ఆ చర్చలో గొంతు కలపొచ్చు, తమ ఎంపీకి రాయొచ్చు. రేపు చట్టం మారొచ్చు, అంతమాత్రాన ఇవాళ అది అమలులో లేనట్టు కాదు.

కాబట్టి బ్రిటన్‌లో ఉన్న తెలుగు ఇళ్లకు నాదొక మనవి. మీ ఇంట్లో ఎవరైనా, ఏ భాషలోనైనా, ఏ తెర మీదైనా లైవ్ చూస్తారా అన్నది ఈ వారం తేల్చుకోండి. ఆ ప్రశ్న అడగాల్సింది వాట్సాప్ పెద్దమనిషిని కాదు, మధ్యాహ్నం 3 గంటలకు ఇంట్లో ఉండే మనిషిని. అవునంటే లైసెన్స్ కొనండి, లేదంటే రాత్రికి యాప్‌లో వెనక్కి వెళ్లి చూడటం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి. కాదంటే, అవసరం లేదని ఈ లైసెన్సులు చూసే టీవీ లైసెన్సింగ్‌కు తెలియజేయండి. ఇప్పటికే అనవసరంగా కట్టి ఉంటే మిగిలిన పూర్తి నెలలకు డబ్బు తిరిగి అడగండి, ఇస్తారు.