తుపాకి గలవాని పూచీ

ఆయుధముల చట్టమను మాట విన్నంతనే మన పెద్దలకు 1878వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చుచుండెడిది. లిట్టను ప్రభువు వైస్రాయిగా నున్న ఆ కాలమున దేశీయుడు లైసెన్సు లేనిదే తుపాకి ముట్టరాదని శాసనమైనది; ఐరోపావారికి మాత్రము మినహాయింపు కలిగినది. ఒక జాతినంతటిని నిరాయుధను జేసిన ఆ శాసనమును అహింసావ్రతుడగు గాంధీమహాత్ముడు సైతము తీవ్రముగా గర్హించెను. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున ఆయుధము కలిగియుండు హక్కు చేరినది. 1948 డిసెంబరులో హెచ్. వి. కామత్‌గారు రాజ్యాంగ పరిషత్తున ఆ హక్కును రాజ్యాంగమున జేర్పవలెనని సవరణ తెచ్చిరి. డాక్టరు అంబేద్కరుగారు సమ్మతింపలేదు, సవరణ వీగిపోయినది. తుదకు 1959వ సంవత్సరపు చట్టము పాతదానిని రద్దుచేసి, నేటి లైసెన్సు పద్ధతిని నెలకొల్పినది.

ఈ పూర్వకథను జ్ఞప్తికి దెచ్చుటకు కారణము కలదు. లైసెన్సు సంపాదించిన మన భూస్వాములలోను పట్టణవాసులలోను కొందఱు దానిని తమ గౌరవమునకు వచ్చిన బిరుదువలె భావించుచున్నారు. పరప్రభుత్వము హరించిన హక్కు తిరిగి చేతికి వచ్చినదని వారి తలంపు. కాని కరాచీ తీర్మానమునందే ఆ హక్కు నిబంధనలకు లోబడియుండవలెనను షరతు గలదు. దాస్యమున మ్రగ్గుచున్న దినములందే మన నాయకులు తుపాకిని నిబంధననుండి విడదీయలేదు. స్వరాజ్యము వచ్చిన తరువాత మనము విడదీయుట యెట్లు?

తుపాకి కొన్న దినమునుండి ఆ ఇంటికి క్రొత్తగా నొక కావలిపని వచ్చి పడును. దొంగ వచ్చుట ఏ పదియేండ్లకో యొక రాత్రి, అసలే రాకపోవచ్చును. తుపాకి మాత్రము సంవత్సరమున 365 దినములు ఇంటనే యుండును. ఆ దినములలో పిల్లలు ఆడుకొందురు. చుట్టములు వచ్చి పోవుదురు. పనివారు గదులు ఊడ్చుదురు. అన్నదమ్ములు పంపకముల మాటలు పెంచుకొందురు. దొంగకై తెచ్చిన తుపాకి దొంగను జూడకయే ఇంటివారిలో నొకరిని బలిగొనుట ఇట్టి దినములందే. గోడ మేకునకు వ్రేలాడదీసిన తుపాకి, తలగడక్రింద తూటాలు నింపియుంచిన పిస్తోలు — ఇవి రక్షణ సాధనములు కావు. తుపాకి ఒక తాళమునను, తూటాలు వేఱొక తాళమునను ఉండవలెను. ఆ తాళపుచెవులు యజమానునియొద్దనే యుండవలెను. ఇట్లయినచో ఆపత్సమయమున తుపాకి చేతికందుట ఆలస్యమగునని కొందఱందురు. ఆ ఆలస్యము మంచిదే యని మా యభిప్రాయము. నిద్రమత్తు వదలి, దీపము వెలిగించి, వచ్చినవాడు దొంగయా, రెండవ ఆట సినిమానుండి తిరిగివచ్చిన కుమారుడా యని తెలిసికొనుటకు ఆ క్షణము కావలెను.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. తుపాకులు మిక్కుటముగా గల అమెరికా దేశమున ఏటేట తుపాకిచే మరణించువారిలో సగమునకు మించినవారు ఇతరుల చేతిలో గూలినవారు కారు. తమ ప్రాణమును తామే తీసికొన్నవారు. పంట పోయిన యేడు, అప్పులవారు గుమ్మమున గూర్చున్న నెల, పరీక్ష తప్పిన కుఱ్ఱవాడు మాట్లాడక తిరుగు వారము — ఇట్టివి మన యిండ్లకును క్రొత్త కావు. దుఃఖపు గడియ గడచిపోయినచో మనిషి మరల బ్రదుకును. ఆ గడియలో తుపాకి అందుబాటున నుండరాదు. ఇంట నెవరైనను మిక్కిలి క్రుంగియున్నారని తోచిన నాడే దానిని పోలీసు ఠాణాలోనో లైసెన్సు గల ఆయుధ వర్తకునియొద్దనో అప్పగింపవలెను. చట్టము అందులకు వీలు కల్పించినది. ఇట్లు అప్పగించుట పిరికితనమని యెంచు గృహస్థుడు తన యింటివారికంటె తన మీసమును ఎక్కువగా ప్రేమించుచున్నాడన్నమాట.

ఇక కాల్చుటను గూర్చి. ఆత్మరక్షణ హక్కు పూర్వపు శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వఱకు గల సెక్షనులలో నుండెడిది. 2024 జూలై 1వ తేదినుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వఱకు గల సెక్షనులలో నున్నది. మాటలు కొంత మాఱినను సారము మాఱలేదు. ప్రాణమునకుగాని, తీవ్రమైన గాయమునకుగాని, మానభంగాది ఘోరకృత్యములకుగాని న్యాయమైన భయము కలిగినప్పుడు ఎదుటివాని ప్రాణము తీయువఱకును ఆ హక్కు పోవును. దోపిడి, రాత్రివేళ ఇంటికి కన్నము వేయుట, కాపురమున్న యింటికి నిప్పుపెట్టుట — వీనియందును పోవును. తోటలో మామిడికాయలు కోసికొనిపోవువాని విషయమునను, గట్టు త్రోసి పొలమున దున్నినవాని విషయమునను అంతదూరము పోదు. అధికారులను ఆశ్రయించుటకు వ్యవధి యున్నచోట ఆ హక్కు లేనేలేదు. అవసరమునకు మించిన హాని చేయరాదు. అపాయము తొలగిన వెనుక, పారిపోవుచున్నవాని వీపునకు గుఱిపెట్టుట రక్షణ కాదు, పగ తీర్చుకొనుట. ఎకరముల తగవులతో నిత్యము కచేరీలకు దిరుగు మన భూస్వాములు ఈ భేదమును దమ పట్టాలకంటె బాగుగా ఎఱిగియుండవలెను.

న్యాయస్థానములు ఆత్మరక్షకునియెడ నిర్దయగా నున్నవని చెప్పరాదు. ప్రాణభయమున నున్నవాడు తన దెబ్బను త్రాసున దూచి కొట్టజాలడని అవి అనేక పర్యాయములు ఒప్పుకొన్నవి. 1991లో పంజాబున దగ్గఱి బంధువుల నడుమ భూమి తగవు పొలమున కొట్లాటగా మాఱినది. తన తండ్రిపై గండాసా దెబ్బ పడుట జూచిన కుమారుడు లైసెన్సు తుపాకితో గాల్చగా ఎదుటివాడు చనిపోయెను. క్రిందికోర్టు నిర్దోషి యన్నది. హైకోర్టు దోషి యన్నది. 2010లో సుప్రీంకోర్టు ఆత్మరక్షణ హక్కును గూర్చి పది సూత్రములు నిరూపించి అతనిని విడిచిపెట్టినది. ఆ తీర్పు న్యాయమే. కాని న్యాయము తనవైపున నున్నవానికి సైతము ఒక్క గుండు పేల్చిన ఫలముగా సుమారు 19 సంవత్సరములు కోర్టుల నీడ వదలలేదని పాఠకులు గమనింపవలెను. వకీళ్ళకు బోయబడిన ధనము, అమ్మబడిన భూమి ఏ తీర్పునందును వ్రాయబడవు.

చేయి విడిచిన గుండునకు యజమానుడు లేడు. అతి చిన్నదగు .22 బోరు తూటాయే సుమారు ఒకటిన్నర మైలు దూరము పోగలదు. పలకతలుపు, తడికగోడ దానికి అడ్డు కానేరవు. గుఱి తప్పిన గుండు ఎవరి యింట బడునో కాల్చినవానికి దెలియదు, తెలియకపోవుట సమాధానము కాదు. భారతమున అశ్వత్థామయు అర్జునుడును ఒకే యస్త్రమును ప్రయోగించిరి. ఋషులు అడ్డుపడగా అర్జునుడు తన యస్త్రమును ఉపసంహరించుకొనగలిగెను. అశ్వత్థామకు ఆ శక్తి లేకపోయెను. ఆ యస్త్రము కడకు తగిలినది యుద్ధమునకు వచ్చినవానికి గాదు, ఉత్తర గర్భమునందలి శిశువునకు. నేటి తుపాకికి అర్జునుని ఉపసంహారవిద్య యెవరికిని లేదు. వెనుకకు దీసికొనదగినది మీట నొక్కని వ్రేలొక్కటియే.

పెండ్లి ఊరేగింపులలోను, ఎన్నికల విజయోత్సవములలోను ఆకాశమునకు గాల్చుట ఉత్తరదేశమున ప్రబలిన యాచారము. అందు ఎందరో ప్రాణములు గోల్పోయిరి. 2019 సవరణ చట్టము ఈ వేడుక కాల్పులకు రెండు సంవత్సరముల వఱకు కారాగారమునుగాని, లక్ష రూపాయల వఱకు జుల్మానానుగాని, రెంటినిగాని విధింపవచ్చునన్నది. మన ప్రాంతమున ఈ యాచారము అంతగా లేకున్నను, నడుమునకు పిస్తోలు గట్టి పదిమందికి గనబడునట్లు తిరుగు సరదా మాత్రము లేకపోలేదు. ఇట్టివాడు తన ప్రాణమును గాపాడుకొనుచున్నాడని యెవరును నమ్మరు. ఇతరులను భయపెట్టుచున్నాడనియే అందఱును అనుకొందురు. పందులను బెదరించుటకని తుపాకిని పాలికాపు చేతికిచ్చి పొలమునకు పంపు పెద్దరైతు సంగతియు ఇట్టిదే. లైసెన్సు ఒక మనుష్యునికి ఇయ్యబడినది గాని ఇంటికి గాదు. అందు పేరు వ్రాయబడనివాడు దానిని మోసినచో ఇచ్చినవాడును దోషియే.

ప్రభుత్వమువారి లోపమును జెప్పకున్న న్యాయము కాదు. ఠాణా పది మైళ్ళ దూరమున నుండి, కబురు పంపినను తెల్లవాఱువఱకు జవాను రాని పల్లెలో గృహస్థు తుపాకి కోరుట వింత కాదు. రాత్రి గస్తీ సరిగా నున్నచో సగము దరఖాస్తులు కలెక్టరు కచేరీకి రాకయే పోవును. 2016 నిబంధనలలో ఆయుధమును జాగ్రత్తగా వాడుటకు శిక్షణ పొందవలెనని యున్నది. మంచిదే, ఆ శిక్షణ కాగితముమీది ముద్రగా మిగులక, ప్రతి జిల్లాలోను కాల్పులస్థలమును, నేర్పువానిని ఏర్పఱుచుట ఎవరి విధి? కారు నడుపుటకు పరీక్ష పెట్టు ప్రభుత్వము తుపాకి విషయమున ఉదాసీనముగా నుండుట తగదు.

తాతల తుపాకులు గల కుటుంబములకు ఒక మాట. యజమానుడు గతించినప్పుడు భూమి వారసులకు సంక్రమించును గాని లైసెన్సు సంక్రమింపదు. వారసులు తుపాకిని ఠాణాలోనో వర్తకునియొద్దనో అప్పగించి, కావలసినచో తమ పేర వేఱుగా దరఖాస్తు పెట్టుకొనవలెను. 2019కి పూర్వము ఒకరు మూడు తుపాకుల వఱకు ఉంచుకొనవచ్చును; ఇప్పుడు రెండే. జ్ఞాపకార్థముగా ఉంచుకొన్నదియు ఆ లెక్కలోనే చేరును. ధాన్యపు గదులలో, అటకలపై పాతగుడ్డలు చుట్టియున్న జోడుగొట్టముల తుపాకులు మన జిల్లాలలో ఎన్నియో యుండును. అందు తూటా యున్నదో లేదో ఆ యింటి నేటి పెద్దకు దెలియదు. వచ్చు విజయదశమికి ఆయుధపూజ చేయబోవు గృహస్థులు దానిని క్రిందికి దింపినప్పుడు, పిల్లలను దూరముగా పంపి, మీటను ముట్టక, తెలిసినవానిచే తెఱపించి చూపించుకొని, కుంకుమ పెట్టుటకు ముందే లైసెన్సు ఎవరి పేర నున్నదో, గడువు ఎన్నడు తీఱినదో చూచుకొందురుగాక.