పరీక్ష ఇద్దరికీ జరగాలి



సంతానం లేదని మా ఓ.పి.కి వచ్చే ఆడబిడ్డలు చాలామంది అత్తగారితోనో, తల్లితోనో వస్తారు. చేతిలో స్కానింగు రిపోర్టుల కట్ట ఉంటుంది. "మీవారికి పరీక్ష చేయించారా అమ్మా?" అని అడిగితే తల వంచుకుంటారు. "మావాడికేం సిస్టర్, శుభ్రంగా ఉన్నాడు" అని అత్తగారే జవాబు చెబుతారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

శుభ్రంగా ఉండడం వేరు, వీర్యకణాలు తగినన్ని ఉండడం వేరు. దాంపత్యంలో ఏ లోపమూ లేని భర్తకు కూడా వీర్యంలో ఒక్క కణమైనా లేకపోవచ్చు. అది మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. బిడ్డలు లేని జంటలలో దాదాపు సగం మందికి కారణం భర్తలోనో, ఇద్దరిలోనో ఉంటుంది. అయినా గొడ్రాలన్న నింద భార్యకే. రెండో పెళ్ళి మాటతో గాయపడేదీ ఆమే.

కారణాలు అనేకం. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం, ఈడొచ్చాక తగిలిన గవదబిళ్ళలు వృషణాలకు పాకడం, హార్మోన్ల లోపం, వీర్యనాళం మూసుకుపోవడం, పొగతాగడం వంటివి. కొందరికి పుట్టుకతోనే వస్తుంది. హైదరాబాదులోని సి.సి.ఎమ్.బి. శాస్త్రజ్ఞులు వీర్యకణాలు లేని 340 మందిని పరీక్షించి, 29 మందికి వై క్రోమోజోములో కొంత భాగం లేదని 2003లో ప్రకటించారు. ఇది పాపఫలమూ కాదు, శాపమూ కాదు.

చికిత్స కూడా ఉంది. ఒకే వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి ద్వారా గర్భాలు నిలిచినట్లు 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ప్రకటించారు. ఖర్చు ఎక్కువ, అందరికీ ఫలించదు. అయినా కణాలు బాగా తక్కువగా ఉన్నవారు సైతం తండ్రులవుతున్నారు.

ఏది పనిచేయదో కూడా పరిశోధనే చెబుతుంది. అమెరికాలో 2,370 జంటలపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, జింకు, ఫోలిక్ యాసిడ్ వాడిన భర్తలకూ ఉత్తుత్తి మాత్రలు వాడినవారికీ బిడ్డలు పుట్టడంలో తేడా కనబడలేదు. కనుక కౌంటు పెంచుతామనే పొడులకు అప్పుచేసి డబ్బు పోయవద్దు. బలానికని తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు వీర్యకణాలను ఇంకా తగ్గిస్తాయి.

మా అభిప్రాయం ఇది: కాపురం చేస్తూ ఏడాదైనా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి. భార్యకు 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే రావాలి. వీర్యపరీక్షకు సూది లేదు, కోత లేదు. ముందు 2 నుండి 7 రోజులు కలయికకు దూరంగా ఉంటే చాలు. తేడా వస్తే కంగారుపడక డాక్టరుగారు చెప్పినప్పుడు మళ్ళీ చేయించుకోవాలి. భర్త రిపోర్టు చూడకుండా భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కించడం తగదని వైద్యవృత్తిలో ఉన్న మేము మాకు మేమే చెప్పుకుంటున్నాము.

దేవాలయంలో ఏడుస్తున్న హన్నాను చూసి యాజకుడైన ఏలీ సైతం ఆమె మత్తులో ఉన్నదని పొరబడ్డాడు. కారణం తెలియకుండానే ఆడబిడ్డను తప్పుపట్టే మనమూ అలాగే పొరబడుతున్నాము. సోదరులారా, ఈసారి మీ భార్యను ఒంటరిగా పంపకండి. పక్కన కూర్చోండి, మీ పేరున కూడా చీటీ రాయించండి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక.