ప్రయోగశాలలో పండింది మన చెలకలో పండుతుందా?

విత్తనం కొనేటప్పుడు మా నాయన దుకాణదారుణ్ణి ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఇది ఏ భూమిల వేసి చూసిండ్రు?" నీళ్ళు, ఎరువు, కాపలా అన్నీ సక్రమంగా ఉన్న పరిశోధనా క్షేత్రంలో ఎన్ని క్వింటాళ్ళు వచ్చినా ఆయనకు లెక్కలేదు. జనగామ చెలకలోనో, మహబూబాబాద్ మిరపతోటలోనో, భూపాలపల్లి అడవి అంచు పత్తిచేనులోనో అది నిలబడుతుందా అన్నదే ఆయన సందేహం. సైన్సు విద్యార్థినైన నేను అదే ప్రశ్నను క్లోమ క్యాన్సరుకు మందులు పరీక్షించే ప్రయోగశాల నమూనాల విషయంలో అడగదలచుకున్నాను.

క్లోమం జీర్ణాశయం వెనుక దాగిన గ్రంథి. అందులో కణితి పుడితే తొందరగా బయటపడదు. తలభాగంలో పెరిగి పిత్తనాళాన్ని నొక్కితే కళ్ళు పచ్చబడతాయి. మన పల్లెల్లో పసిరికలని పసరు తాగిస్తారు. మా వాడకట్టులో ఒకాయన "నొప్పి లేదు గదా" అనుకుంటూ నెలన్నర పథ్యంతోనే గడిపాడు. స్కానింగ్ తీసేనాటికి ఆపరేషన్ చేసే అదను దాటిపోయింది. ఇది మన వెనుకబాటుతనం మాత్రమే కాదు. అమెరికాలో కూడా ఈ జబ్బు వచ్చినవారిలో అయిదేళ్ళు బతికేది నూటికి 13 మందే. ప్రయోగశాలల్లో గెలిచిన మందులెన్నో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఓడిపోయాయి. ఎందుకని?

1975లో అమెరికాలో ఇద్దరు రోగుల కణితుల నుండి తీసిన పాంక్-1, మియా పాకా-2 అనే కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. కాని నిజమైన క్లోమ కణితిలో క్యాన్సరు కణాలకన్నా వాటి చుట్టూ అల్లుకున్న గట్టి పీచు కణజాలమే తరచు ఎక్కువ. రక్తనాళాలు నలిగిపోయి మందు లోపలికి చేరదు. ప్లాస్టిక్ పళ్ళెంలో ఆ అడ్డు లేదు, మందు నేరుగా తగులుతుంది. తడిపిన మడిలో మొలిచిన గింజను చూసి బండనేల పంటకు లెక్క కట్టినట్లే గదా! రోగనిరోధక శక్తి లేని ఎలుక చర్మం కింద మనిషి కణితిని నాటి చూడటం ఇంకొక పద్ధతి. అక్కడ శరీరమైతే ఉంది గాని కాపలాదారుడు లేడు.

2005లో కె.పి.సి. ఎలుక వచ్చింది. నూటికి దాదాపు 90 మంది రోగులలో కనిపించే క్రాస్ జన్యువు మార్పును, దానితోపాటు పి-53 మార్పును ఎలుక క్లోమంలోనే కలిగించారు. కణితి తన చోటనే, గట్టి పీచుతో సహా పుట్టింది. 2009లో ఆ పీచును తగ్గించే మందును జెంసిటాబిన్‌తో కలిపి ఇస్తే ఎలుకలు ఎక్కువ రోజులు బతికాయి. ఆశతో మనుషులపై పరీక్ష మొదలుపెట్టారు. 2012లో ఆపవలసి వచ్చింది, ఎందుకంటే ఆ కొత్త మందు కలిపి తీసుకున్నవారే త్వరగా చనిపోతున్నట్లు తేలింది. 2014లో మళ్ళీ ఎలుకలలోనే కారణం కొంత బయటపడింది. ఆ పీచు కణితికి కోటగోడే కాదు, కొంతవరకు సంకెల కూడా.

అట్లని నమూనాలన్నీ దండుగ అనటం తొందరపాటు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి కాలాన్నే తలచుకుందాం. 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్ల జాతి పదార్థంతో ఎలుకల రొమ్ము కణితులు తగ్గాయన్నారు. అటువంటి పదార్థాలనే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇస్తే జబ్బు ఇంకా చెలరేగినట్లు కనబడింది. అయితే దానికి అడ్డుపడే మందు ఇస్తే? సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లలలో జబ్బు తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ఫార్బర్ ప్రకటించాడు. ఎలుక చెప్పినదాన్ని రోగి సరిదిద్దితే, ఆ దిద్దుబాటును వాళ్ళు విన్నారు.

ఇక అసలు మాట. ఆ పళ్ళెంలో ఉన్న కణాలు ఎవరివి? 2002లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ కలిసి, ఉష్ణదేశాలలో వచ్చే ఒక రకం దీర్ఘకాలిక క్లోమ వాపు రోగుల జన్యువులు పరిశీలించాయి. పాశ్చాత్యులలో వంశపారంపర్య క్లోమ వాపుకు పేరుబడిన ట్రిప్సినోజెన్ జన్యువు మార్పులతో ఈ జబ్బుకు సంబంధం కనబడలేదు. స్పింక్-1 అనే మరొక జన్యువు మార్పులతో కనబడింది. ఏళ్ళతరబడి క్లోమ వాపు ఉంటే క్యాన్సరు ముప్పు పెరుగుతుందని తెలిసిందే. మూలంలోనే ఇంత తేడా ఉండగా, మన రోగికి పనికొచ్చే మందును ఎక్కడో పరాయి దేశపు కణాలపైనే తేల్చుకుంటే సరిపోతుందా?

దీనికి దారి లేకపోలేదు. రోగి కణితి ముక్కను జిగురువంటి పదార్థంలో చిన్న గుళికలుగా పెంచే ఆర్గనాయిడ్ పద్ధతి క్లోమ క్యాన్సరుకు 2015లో వచ్చింది. 2018 నాటికి సూదితో తీసిన ముక్కల నుండి కూడా పెంచి మందులు పరీక్షించారు. ఈ సూది సంగతి మనకు ముఖ్యం. ఆపరేషన్‌కు వీలయ్యేది నూటికి 15-20 మందికే. ఆపరేషన్‌లో తీసిన ముక్కలతోనే నమూనాలు చేస్తే, ఆలస్యంగా వచ్చే మన రైతు, మన బొగ్గుబాయి కార్మికుడు ఏనాడూ ఆ లెక్కలోకి రారు.

"స్కానింగ్‌కే పట్నం పోవలసినవాడికి ఆర్గనాయిడ్ దేనికిరా?" అని నా మిత్రుడొకడు ఎద్దేవా చేశాడు. న్యాయమైన ప్రశ్నే. కాని ఈ రెండూ ఒకే పని రెండు కొసలు. కళ్ళు పచ్చబడితే, నొప్పి లేకున్నా సరే, పసరుతో రోజులు గడపక వెంటనే ఆసుపత్రికి పోవాలని ఊళ్ళో చెప్పటం మన పని. పట్నంలో తీసిన ప్రతి ముక్కనూ, రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పి, సమ్మతి తీసుకొని భద్రపరచటం సంస్థల పని. ప్రతి నమూనాలో ఏమున్నదో చెప్పే మన అధ్యాపకులు ఏమి లేదో కూడా చెప్పాలని నా మనవి.

మిత్రులారా! రేపు మనలో కొందరు తప్పక ఆ ప్రయోగశాలల్లో కూర్చుంటారు. ఎలుక బతికిందని సంబరపడే ముందు మా నాయన ప్రశ్న ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి: ఇది ఏ భూమిల వేసి చూసిండ్రు?