తప్పు కొన్నవాడిదా?

సంపాదకుల వారికి,



ఫోర్డ్ మళ్ళీ చెన్నైకి వస్తోందని సంబరపడుతూ గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాక ఒళ్ళు మండింది. మనవాళ్ళకు మైలేజీ పిచ్చి అట, నాణ్యతకు డబ్బు పెట్టరట, అందుకే అమెరికా కంపెనీలు ఇక్కడ నిలవలేదట. కొన్నవాడినే దోషిని చేసి మీ వ్యాసకర్త చేతులు దులుపుకున్నారు.

2021 జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు నూరు దాటింది. ఆ తర్వాత 109 కూడా దాటింది. దాని మీద రాష్ట్రం వేసే వ్యాట్ 35.2 శాతం. పింఛను మీద బతికే మనిషి కారు కొనేముందు లీటరుకు ఎంతిస్తుందని అడిగితే అది పిచ్చా? ఇంటి లెక్క చూసుకోవడం అది.

నాణ్యత మాటకొస్తే, 2010లో ఫోర్డ్ ఫిగోను, 2013లో ఎకోస్పోర్ట్‌ను కొన్నది మనవాళ్ళే కదా. ఎకోస్పోర్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు కూడా. తర్వాత బ్రెజా, నెక్సాన్ పోటీకి వస్తే, ఎకోస్పోర్ట్‌కు కొత్త తరం మోడల్ తేకుండా వదిలేసింది ఎవరు? అదే 2013లో స్టీరింగ్ గొట్టం, వెనక సస్పెన్షన్ లోపాల వల్ల ఫోర్డ్ 1.66 లక్షల ఫిగో, ఫియెస్టా క్లాసిక్ కార్లను వెనక్కి పిలిచింది. ఉద్గారాల పరీక్షల్లో అవకతవకలు బయటపడి జనరల్ మోటార్స్ 1.14 లక్షల తవేరాలను పిలిచింది. గేర్‌బాక్సు ఫిర్యాదులతో వచ్చినవాళ్ళ పట్ల అన్యాయంగా ప్రవర్తించినందుకు ఆస్ట్రేలియా కోర్టు 2018లో ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అక్కడి వాళ్ళకూ మైలేజీ పిచ్చేనా?

వాళ్ళ సొంత దేశంలోనూ ఇదే వరస. 2008లో ముడిచమురు పీపా 147 డాలర్లకు ఎక్కేసరికి పెద్ద బళ్ళను నమ్ముకున్న కంపెనీలు కుదేలయ్యాయి. మాంద్యం కూడా తోడై 2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. అంత జరిగాక కూడా 2018లో ఫోర్డ్, ముస్టాంగ్‌ను ఉంచి సెడాన్లన్నీ అమెరికాలో ఆపేస్తానని ప్రకటించింది. లాభం పెద్ద ట్రక్కుల్లో ఉందని చిన్న కారును వదిలేసినవాళ్ళు, చిన్న కారే బతుకైన మన దేశంలో ఎన్నాళ్ళు ఉంటారు?

మా ఇంట్లోనూ ఒక అమెరికా కారు ఉంది. కంపెనీ పేరు రాయను. నిరుడు ఎండాకాలం కార్ఖానా సిగ్నల్ దగ్గర ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. బానెట్ ఎత్తితే కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బా అతుకు దగ్గర సన్నగా చీలి ఉంది. కారిన కూలెంట్ ఎండి, చీలిక పొడుగునా గులాబీ రంగు పొడి పేరుకుంది. మామూలు ప్లాస్టిక్ డబ్బా అది! అధీకృత వర్క్‌షాపులో స్టాకు లేదన్నారు, ఆర్డరు పెట్టామన్నారు, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. రాణిగంజ్‌లో స్పేర్‌పార్టుల దుకాణాలన్నీ తిరిగాను. మారుతిదో హ్యుందాయ్‌దో అయితే ఇప్పుడే చేతిలో పెడతాం సార్, దీనికైతే కష్టం అన్నారు. బోయిన్‌పల్లి మెకానిక్ ఎం-సీల్ పెట్టి చూశాడు, వేడికి అదీ ఊడింది. చివరికి తుక్కు కింద విప్పేసిన కారులోంచి తీసిన పాత డబ్బాను కొత్తదాని కంటే ఎక్కువ పోసి కొన్నాను. అది దొరికేదాకా మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా ఆవిడ ఆసుపత్రికి ఆటోల్లో తిరిగింది. అమ్మేద్దామంటే, కంపెనీయే లేదు కదా సార్ అని బేరగాడు బండి చుట్టూ ఒకసారైనా తిరిగి చూడలేదు.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపు స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. పెరంబూరు ఐసీఎఫ్‌లో పాతరకం రైలుపెట్టెల తయారీ 2018 జనవరిలోనే ఆగిపోయింది. అయినా ఆ పెట్టెలు పట్టాల మీద తిరిగినన్నాళ్ళూ వాటి స్ప్రింగులు, బ్రేకు బ్లాకులు స్టోర్స్‌లో ఉండి తీరాలి. లేవంటే బాధ్యుడు సంజాయిషీ ఇచ్చుకోవాలి. తయారీ ఆపడం వేరు, నడుస్తున్న బండిని గాలికి వదిలేయడం వేరు.

ఇది చాలదన్నట్టు ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. పది శాతానికి సరిపెట్టిన పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. తగ్గిన మైలేజీకి ధర తగ్గించారా? లేదు. మామూలు పెట్రోలు పోయించుకునేవాడికి వేరే దారి కూడా ఉంచలేదు. ఈ పెట్రోలుకు రబ్బరు గొట్టాలు, సీళ్ళు మార్చుకోవాల్సి వస్తే, 2017లో అమ్మకాలు ఆపేసిన జనరల్ మోటార్స్ బండి ఉన్నవాడు ఎవరి గుమ్మం ఎక్కాలి? 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నామన్న ఫోర్డ్, సర్వీసుకు, విడిభాగాలకు లోటు రానివ్వమని అప్పుడే మాట ఇచ్చింది. ఆ మాట ఏమేరకు నిలిచిందో మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

ఇంతకీ వాళ్ళు వస్తున్నది దేనికి? 3,250 కోట్లతో చెన్నైలో ఇంజన్లు చేస్తారట, అదీ 2029 నుంచి, ఎగుమతి కోసం. మనకు కారు అమ్ముతామని ఎక్కడా అనలేదు. దీనికి మనం హారతి పట్టాలా?

కొన్న వస్తువును మరమ్మతు చేయించుకునే హక్కు మీద కేంద్రం 2022లో కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. పోర్టల్ చట్టం కాదు. అమ్మకం ఆపిన రోజు నుంచి పదేళ్ళు విడిభాగాలు అందించాలని చట్టం రావాలి. అందుకు పూచీగా దేశంలో అడుగుపెట్టినప్పుడే కంపెనీ చేత డిపాజిట్ కట్టించాలి. ఈసారి ఫోర్డ్ ప్రతినిధి మీ విలేకరికి దొరికితే, పాత కార్లకు విడిభాగాలు ఏ ఊళ్ళో, ఎన్నేళ్ళు దొరుకుతాయో అడిగించండి. ఆయన చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
మెట్టుగూడ, సికింద్రాబాద్