పుట్టిన చోటా, చదివిన చోటా?

కెనడా వచ్చిన మన డాక్టర్ల నోట తరచు వినిపించే మాట ఒకటుంది: "మనవాళ్ళకి ఇవ్వరండీ." ఎవరు ఇవ్వరు, ఏమివ్వరు అని గుచ్చి అడిగితే జవాబు ఉండదు. గుంటూరులోనో కాకినాడలోనో ఎం.బి.బి.ఎస్. చేసి వచ్చిన అమ్మాయి ఈ మాట పట్టుకుని రెండేళ్ళు ఏదో క్లినిక్కులో రిసెప్షన్ దగ్గర కూర్చుంటుంది. మనీలా నుంచి వచ్చిన డాక్టరుదీ అదే కథ.

వివక్ష లేదని నేననను. కానీ అది రోగి మొహంలో కన్నా దరఖాస్తు ఫారంలో ఎక్కువ ఉంది. బ్రిటిష్ కొలంబియా మెడికల్ కాలేజీ (అంటే లైసెన్సులిచ్చే సంస్థ, చదువు చెప్పేది కాదు) ఒకప్పుడు విదేశీ డాక్టర్లను రెండు వర్గాలు చేసింది. బ్రిటన్, ఐర్లండ్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికాల్లో చదివినవాళ్ళు ఒకవైపు, మిగతా ప్రపంచమంతా ఇంకోవైపు. రెండోవైపు వాళ్ళకు శిక్షణ షరతులు ఎక్కువ. కొందరు డాక్టర్లు దీనిమీద ఫిర్యాదు చేస్తే, 1999లో ఆ రాష్ట్ర మానవ హక్కుల ట్రిబ్యునల్ బిటాంటి కేసులో ఇది వివక్షేనని తేల్చింది. చదివిన చోటు పేరుతో నిజానికి పుట్టిన చోటును చూస్తున్నారన్నది అందులో తేలిన విషయం. మన సంఘాల సావనీర్లలో ఈ తీర్పు గురించి ఒక్క పేజీ నేను చూడలేదు!

ఆ రెండు వర్గాలు పోయినా గోడ పూర్తిగా కూలలేదు. ఎం.సి.సి.క్యూ.ఇ. రాసి, నాక్ పరీక్ష గట్టెక్కి కార్మ్స్ ద్వారా రెసిడెన్సీకి వెళితే, చాలా రాష్ట్రాల్లో మొదటి విడతలో విదేశీ పట్టభద్రులకు విడిగా కొద్ది సీట్లే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఫ్యామిలీ మెడిసిన్. ఆ కొద్ది సీట్లకే ఐర్లండులోనో కరిబియన్ దీవుల్లోనో చదివి తిరిగొచ్చిన కెనడా పిల్లలూ పోటీ పడతారు. సీటు దొరికినా చాలా చోట్ల కొన్నేళ్ళు ప్రభుత్వం చెప్పిన ఊళ్ళో పనిచేస్తానని సంతకం పెట్టాలి. ఇక్కడ చదివినవాళ్ళను మామూలుగా ఆ సంతకం అడగరు.

అయినా దరఖాస్తు పెట్టమనే నా సలహా, అదీ వెంటనే. ఎంపిక చేసేవాళ్ళు రోగుల్ని చూడటం మానేసి ఎన్నేళ్ళయిందని లెక్క చూస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఉన్న ప్రాక్టీస్ రెడీ అసెస్‌మెంట్ దారి అనుభవమున్న డాక్టర్లను రెసిడెన్సీ లేకుండానే పరీక్షించి పనిలో పెడుతుంది. ఆంటారియో కూడా 2023లో ఇది మొదలుపెట్టింది. అక్కడా ఈమధ్య చేసిన ప్రాక్టీసే కావాలి. భయపడుతూ కూర్చున్న ప్రతి ఏడాదీ మన ఫైలునే బలహీనం చేస్తుంది.

ఫిలిప్పినోలు మనకన్నా ఎక్కువే పడ్డారు. 1992 నుంచి 2014 వరకు నడిచిన లివ్-ఇన్ కేర్‌గివర్ పథకంలో ఎందరో శిక్షణ పొందిన నర్సులు యజమాని ఇంట్లోనే ఉండి పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకున్నారు. అలా రెండేళ్ళు చేశాకే శాశ్వత నివాసం అడిగే అర్హత. (మన ఇళ్ళలోనూ వాళ్ళను "ఆయా" అనే పిలిచాం, నర్సని ఎంతమందిమి గుర్తించాం?) కానీ వాళ్ళు రాజకీయాల్లోకి దిగారు. విన్నిపెగ్‌లో పిల్లల ఊపిరితిత్తుల వైద్యుడు రే పాగ్టఖాన్ 1988లో పార్లమెంటుకు గెలిచాడు, 2002లో కేంద్ర మంత్రిగా మాజీ సైనికుల శాఖ చేపట్టాడు.

మనమేమో శాలువాల దగ్గర ఆగిపోయాం. ఉగాది వేదికమీద సన్మానం పొందే సీనియర్ డాక్టర్లు ఏడాదికి ఒక్క కొత్త డాక్టరును తమ వెంట ఆసుపత్రిలో తిప్పుకుని, ఒక సిఫార్సు లేఖ రాసినా చాలు. కెనడాలో పనిచేసిన డాక్టరు రాసిన లేఖకు ఇక్కడ విలువెక్కువ. ఇక రెసిడెన్సీ సీట్లకు డబ్బిచ్చేది రాష్ట్ర ప్రభుత్వాలు. ఈసారి ఓట్లడగడానికి మన ఫంక్షన్‌కొచ్చి సమోసా తిని ఫొటో దిగే అభ్యర్థిని, విడి సీట్ల పద్ధతి ఎందుకు ఉంచారో మైకులోనే అడగండి. పక్కన ఫిలిప్పినో సంఘం వాళ్ళను కూడా కూర్చోబెట్టుకోండి.