అందరూ ఉన్నారు... చూసేదెవరు?

అర్ధరాత్రి ఫోన్ మోగితే ఏ అమెరికా నుంచో అనుకుంటాం. ఆ రోజు మోగింది విజయవాడ నుంచి.

'మీ పెదనాన్న పడిపోయారే' అంది పెద్దమ్మ. మంచం దిగబోయి కళ్లు తిరిగి పడ్డారట. అదృష్టం... ఎముకలు విరగలేదు.

పెదనాన్నకి 78 ఏళ్లు. షుగరు, బీపీ. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పట్టు తప్పింది. చూసేవాళ్లు లేరా అంటే, బోలెడుమంది! పెద్దన్నయ్య డాలస్ నుంచి డబ్బు పంపుతాడు. చిన్నన్నయ్య బెంగళూరు నుంచి నెలకోసారి వస్తాడు. గుంటూరులో ఉన్న అక్కయ్య ఆదివారాలు వస్తుంది. గుండెకో డాక్టరు, నరాలకో డాక్టరు, షుగరుకి మరొకరు. పగలు ఆయా, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టు. ఇంతమందిలో మొత్తం సంగతి తెలిసిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. పెళ్లికి వందమంది చుట్టాలొచ్చినా, కొట్టుగది తాళంచెవి ఒకరి దగ్గరుండాలి కదా!

చివరికి చిన్నన్నయ్య ఒక కేర్ మేనేజర్‌ని మాట్లాడాడు. చాలా ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడ. 'మనింటి సంగతులు పైవాళ్లకెందుకు?' అని పెద్దమ్మ మొహం ముడుచుకుంది.

ఆవిడ వస్తూనే ఇంట్లో ఉన్న మందులన్నీ చాప మీద పోయించారు. ఫ్రిజ్ మీదివి, దిండు కిందివి, దేవుడి గూట్లోవి. అందులో రెండు అట్టలకు పేర్లు వేరు. వెనక చిన్న అక్షరాలు చూస్తే రెండూ ఆమ్లోడిపినే... బీపీ తగ్గించే మందు! ఒకటి గుండె డాక్టరు రాసింది. రెండోది ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు రాసింది. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, అంతే. ఆవిడ తనంతట తాను ఏదీ ఆపలేదు. చీటీలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లారు. పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు బీపీ చూసి ఆయన ఒక మాత్ర తీసేశారు.

తర్వాత పెద్దమ్మ వైపు తిరిగారు. 'అమ్మా, మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?'

పెద్దమ్మ జవాబు చెప్పలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మోకాళ్ల నొప్పులతోనే రాత్రి మూడుసార్లు లేచి పెదనాన్నని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లేది ఆవిడే. రెండేళ్లుగా ఫోన్ చేసిన ప్రతిసారీ మేమంతా 'పెదనాన్నకెలా ఉంది?' అనే అడిగాం. 'నీకెలా ఉంది?' అని ఒక్కరం అడగలేదు!

అమెరికాలో ఇలాంటి నిపుణులకు 1980ల నుంచే వృత్తి సంఘం ఉంది. మన నగరాల్లోనూ ఈ సేవలు వచ్చాయి. వైద్యం చెయ్యడం వీళ్ల పని కాదు. అందరినీ కలిపి, ఎవరేం చెయ్యాలో చూడటమే పని. ఖర్చు అందరూ భరించేది కాదు. అయినా ఇందులో సగం పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు.

* ఒకే ఫైలు పెట్టండి. జబ్బులు, ఆపరేషన్లు, పడని మందులు అన్నీ అందులోనే. మాత్ర కంపెనీ పేరే కాదు, అసలు మందు పేరూ రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఫైలు మొత్తం చూపించండి.

* డాక్టర్లతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. మిగతావాళ్లు వారానికోసారి ఆ ఒక్కరితో మాట్లాడితే చాలు.

* రాత్రిపూట చూసేదెవరో కాగితం మీద రాసుకోండి. సేవచేసే మనిషికీ సెలవు కావాలి.

* పెద్దాసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లుంటారు, అడగండి. వృద్ధుల సహాయానికి 14567 నంబరుంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం అందేలా 2024లో ఆయుష్మాన్ భారత్‌ని విస్తరించారు.

* మేనేజర్‌ని పెట్టుకుంటే చదువు, అనుభవం కనుక్కోండి. ఏ పనికెంతో ముందే రాయించుకోండి. బ్యాంకు వివరాలు మాత్రం చేతికివ్వకండి.

మొన్న వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. పెద్దమ్మ గాఢనిద్రలో ఉంది. ఇప్పుడు వారానికి నాలుగు రాత్రులు మనిషి వస్తున్నాడు. పిలవబోతే పెదనాన్న కుడిచెయ్యెత్తి ఆపారు.

'లేపకమ్మా... పడుకోనీ' అన్నారు.